మిరప చేతులకు గుడ్డ తొడుగులు

గుంటూరు, మార్చి 1984

జయకుమారీ,

దేవుడి దయవల్ల కులాసాగా ఉన్నాను, దిగులుపడకు. మా వీధి దర్జీలు జాకెట్ల రేటు తగ్గించుకుంటూ ఇంకా కొట్టుకుంటున్నారు. నేను ఆ పోటీ మానేశాను. మిరపకాయల తొడిమలు తీసే పుల్లమ్మ మొన్న మన కొట్టుకు వచ్చి, "చేతులు మంటన్నా, చంటిదాన్ని ముట్టుకుంటే ఏడుస్తంది" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. మందపాటి నూలుగుడ్డతో చేతి తొడుగులు కుట్టిచ్చాను. మర్నాడు సాయంత్రం బిడ్డను చంకనేసుకుని నవ్వుతూ వచ్చింది. వెనకాలే ఆమెతో తొడిమలు తీసే కూలీల ముఠా అంతా, "మాకూ కుట్టన్నా!" అంటూ దిగారు. ఈ పని ఊళ్లో ఇంకెవరూ చెయ్యడంలేదు.

బాబు దగ్గు తగ్గిందా? కుట్టుమిషను అమ్మేస్తానని రాశావు, అమ్మొద్దు. దాన్ని బస్సుమీద వేయించుకుని, బాబును తీసుకుని వచ్చెయ్యి. ఇద్దరం కుట్టినా తరగనంత పనుంది. అత్తయ్యగారికి నా వందనాలు, బాబుకు ముద్దులు.

నీ ఇమ్మానియేలు