కొత్త రకానికి నాలుగు మాటలు

చిట్టితల్లికి, నేను కులాసాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను.

మా కంపెనీ మిరపకాయల ప్యాకెట్ల మీద పేరూ, కారం ఎలాంటిదో ఇంగ్లీషులోనూ స్పానిషులోనూ రాసేది నేనేగా. స్పెల్లింగులు నావి, రుచి చెప్పేది మీ అమ్మ. హలపేన్యో అనే మెక్సికో మిరపకాయ కొరికి, "ముందు పలకరించి, తర్వాత చెవి మెలిపెడుతుందండీ" అంది. రెండు భాషల్లోనూ అదే అచ్చయింది.

అమ్మ పోయాక మొదటిసారి ఈ వారం కొత్త రకం దిగింది. "చాలా కారం" అని రాసిచ్చాను. "ఇదేంటి మాస్టారూ, మీరు రాసినట్టే లేదు" అని మేనేజరు తిప్పి పంపాడు. నిజానికి నేను సొంతంగా రాసింది అదొక్కటే.

రెండు కాయలు పార్సిల్లో వస్తాయి. అమ్మ నాలుక నీకొచ్చింది. కొరికి, అనిపించింది తెలుగులోనే రాయి. పక్కన పెరుగు పెట్టుకో. పిల్లాడి జలుబు తగ్గిందా? అల్లుడుగారిని అడిగానని చెప్పు.

తొందరేం లేదు. ప్యాకెట్టు మీద ఆ చోటు ఖాళీగా ఉంచమన్నాను.

మీరంతా చల్లగా ఉండాలి.
నాన్న