తాతగారి రివాల్వర్‌ని లేతు షాపుకి ఇవ్వకు

మస్కట్

అన్నయ్యకి,

తమ్ముడు సత్తిబాబు నమస్కారాలు. నేనిక్కడ కులాసా. నువ్వూ, వదినా బాగున్నారనీ, అమ్మ మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గిందనీ అనుకుంటున్నాను. ఫోన్ ఉండగా ఈ కాగితం ఎందుకంటావేమో. ఫోన్లో అయితే సగం విని నీకు తోచిందే చేస్తావు. అందుకే రాసి, సెలవు మీద ముక్తేశ్వరం వస్తున్న మా రూములోని శ్రీనుకిచ్చి పంపుతున్నాను.

ఇక్కడ ఎండలింకా తగ్గలేదు. పంపుల వర్క్‌షాపులో పని బాగానే ఉంది, ఈ మధ్యే ఇనుము చెక్కే లేతు మిషను పూర్తిగా నాకప్పగించారు. తిండికి లోటు లేదు, బెంగ పెట్టుకోవద్దని అమ్మకి చెప్పు. సెలవు రోజున మాత్రం గది నిండా మనుషులున్నా ఏమీ తోచదు. దసరా నాడు మరీ ఇంటి మీదకి మనసు పోయింది. అప్పుడే నీ వీడియో వచ్చింది.

పూజకి తీసిన తాతగారి రివాల్వర్‌లో తూటాల చక్రం తిరగడం లేదనీ, ఆ రకం తూటాలిప్పుడు దొరకడం లేదనీ అన్నావు. బాగు చేయించాలా, మార్పించాలా అని అడిగావు. అమలాపురం లేతు షాపతను "ఇప్పటి తూటాలు పట్టేలా మార్చేద్దామండి, పూట పనండి" అన్నాడట. నిజం చెప్పనా, మొదట నాకూ మార్పించాలనే అనిపించింది. లేతు పట్టినవాడికి ప్రతి ఇనుమూ తన మాట వింటుందనే ధీమా. కానీ మొన్న ఇక్కడ ఒక పాత పంపుకి బలమైన కొత్త మోటారు బిగించారు. ఆన్ చేయగానే పంపు పగిలి, ముక్కొచ్చి నా పక్క గోడలో దిగింది. పాత ఇనుము పాత బలానికే ఆగుతుంది. పైగా అనుమతి లేకుండా మార్పిస్తే లైసెన్సు పోవడం అటుంచి నిన్నే లోపలేస్తారు. ఆ మాట మర్చిపో.

అసలు అది పాడవలేదని నా నమ్మకం. వీడియో పెద్దది చేసి చూశాను. ప్రతి దసరాకీ పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరినూనెతో తుడుస్తాం కదా, అదంతా దుమ్ముతో కలిసి లోపల గడ్డకట్టింది. కోనసీమ వాళ్ళం, తలనొప్పికీ తుప్పుకీ మనకి ఒకటే మందు. శుభ్రం చేస్తే తిరుగుతుంది. పోలీస్ స్టేషన్లో ఉన్నది ఉన్నట్టు చెప్పి, వాళ్ళు చెప్పిన ప్రకారం లైసెన్సున్న తుపాకుల షాపుకి చేర్చు. తూటాలు దొరక్కపోతే పోనీ. మన కొబ్బరితోటలో ఎవరి మీద పేలుస్తావు?

ఇంకో మాట. వీడియోలో గొట్టాన్ని అరచేతికి ఆనించుకుని స్క్రూడ్రైవర్‌తో పొడుస్తున్నావు. "లోపల తూటా ఉందో లేదో తెలీట్లేదురా" అని నవ్వుతున్నావు. వెంటనే ఫోన్ చేసి బీరువాలో పెట్టెయ్యమంటే "ఆయ్" అన్నావు. నిన్న మళ్ళీ తీశావని వదిన చెప్పారు. దయచేసి స్టేషన్ వాళ్ళు చెప్పేదాకా ఇక ముట్టుకోకు. నాకు భయంగా ఉంది అన్నయ్యా.

శ్రీను తిరిగొచ్చేటప్పుడు వదినని కాసిన్ని ఎండు మెత్తళ్ళు పంపమను, ఇక్కడి చేపలకి ఆ రుచి లేదు. అమ్మకి నా నమస్కారాలు. నాన్నగారి తరవాత లైసెన్సు నీ పేరు మీదకి వచ్చింది, నన్ను దీవించడమూ నీ వంతుకే వచ్చింది. వేసవికి వచ్చి నీ కాళ్ళకి దండం పెడతాను. అప్పుడు నా తల మీద పెట్టడానికి నీ చెయ్యి ఉండాలి.

నీ తమ్ముడు,
సత్తిబాబు