ఖాలా గుమ్మడి తీగ

ఖాలా,

నువ్వు పోయాక ఇదే మొదటి సద్దుల బతుకమ్మ. పాలమూరులో మన గల్లీ ఆడవాళ్లమంతా పొద్దున్నే పువ్వుల కోసం నీ గోడ దగ్గర చేరాం. నువ్వు పెట్టిన గుమ్మడి తీగ ఈసారి మరియమ్మ వాళ్ల రేకుల మీదికి కూడా పాకింది. పసుపు పచ్చగా విరగబూసింది. అయినా ఒక్కరి చెయ్యీ లేవలేదు. నీ తిట్టు పడకుండా ఆ తీగను ముట్టుకున్న అలవాటు మాలో ఎవరికుంది?

నీ కోడలు షాహీన్ గడపలోకి వచ్చి, "తెంపుకోర్రి వదినా, మీ తీగనే గదా" అని లోపలికి పోయింది. ఆ మర్యాదకు మేమింకా బిగుసుకుపోయాం.

చర్చిలో మెత్తగా పాటలు పాడే మన మరియమ్మ లేదూ, తనే నడుం మీద చేతులు పెట్టుకుని అచ్చం నీలాగే అరిచింది.

"ఏయ్! పిందె ఉన్న పువ్వు ముట్టుకుంటె చేతులిరగ్గొడ్త! ఉత్త పువ్వులే తెంపుర్రి!"

పగలబడి నవ్వుతూ అందరం తీగ మీద పడ్డాం. ఆ నవ్వుల్లోనే, పొయ్యి మీద పాలు వదిలేసి, తల మీద చున్నీ సర్దుకుంటూ షాహీన్ బయటికి పరుగెత్తుకొచ్చింది.

"ఆయీ, అమ్మీ! వస్తున్న!" అంటూ, నువ్వే పిలిచావనుకుని.