ఆఖరి మడత

జూన్ 3, మంగళవారం

కార్డు మీద భూగోళం బొమ్మ ఉంది. ఏజెంట్ మహిపాల్ ఇచ్చిన కార్డు మీద కూడా భూగోళమే. అందుకే కార్డు తెచ్చినామెను లోపలికి పిలవలేదు. గడప దగ్గరే నిలబెట్టి మాట్లాడాను.

పేరు దీప. ఉప్పల్‌లో ఆఫీసట. పని ఇప్పిస్తామని ఆడవాళ్ళను, పిల్లలను దేశాలు దాటించి అమ్మేస్తారు కదా, అట్లా పోయినవాళ్ళను వెతుకుతారట. దానికి బయటి దేశాల వాళ్ళు సాయం పంపుతారట.

నా బిడ్డ సంతోషి మహిపాల్ ద్వారా గల్ఫ్‌లో ఇంటిపనికి పోయి ఏడాదిన్నర. జ్వరమొచ్చి చనిపోయిందని, అక్కడే పూడ్చారని మార్చిలో మహిపాల్ వచ్చి చెప్పాడు. ఫొటోకు దండ వేశాను. ఇప్పుడు ఈమె వచ్చి, డెత్ సర్టిఫికెట్ కండ్లతోని సూసినవా అక్కా అని అడుగుతోంది.

చూడలేదు. కానీ ఎక్కడో ఉన్న తెల్లవాళ్ళకు నా బిడ్డ మీద ఎందుకంత ప్రేమ?

జూన్ 4

దీప ఫోన్ చేసి సంతోషి ఫొటో అడిగింది. మహిపాల్ కూడా మొదట ఫొటోనే అడిగాడు.

జూన్ 8, ఆదివారం

పక్కింటి సాలమ్మతో చెప్పాను. ఫారిన్ పైసలంటే ఊకెనే రావు వదినా, నీ కిడ్నీ మీద కన్నేసిన్రేమో, జర పైలం అంది. నవ్వించాలని చూసింది పాపం.

మా ఇద్దరిదీ ఒకటే పని. నాచారం మందుల కంపెనీ నుంచి, డబ్బాల్లో పెట్టే కాగితాలు కట్టలుగా తెచ్చుకుని ఇంట్లో మడుస్తాం. ఎనిమిది మడతలు, మడత మడతకూ బొటనగోటితో గీత. సంతోషి ఏడేళ్ళప్పుడే నేర్చుకుంది. నాకు ఎన్నేళ్ళయినా ఆఖరి మడత తిరగబడుతుంది. నీ కాగితం సదవాల్నంటే రోగమున్నోడు తలకిందులు పండాలె అమ్మా అని వెక్కిరించేది. మళ్ళీ తనే కూర్చుని అన్నీ సరిచేసేది. కంపెనీకి తెలిస్తే పని పోతుందని, ఈ తిరగబడే మడత సంగతి నేనూ సంతోషీ ఎవరికీ చెప్పలేదు, సాలమ్మకు కూడా.

జూన్ 12, గురువారం

దీప మళ్ళీ వచ్చింది. పాస్‌పోర్టు జిరాక్స్ ఇచ్చాను. పుట్టిన తేదీ లెక్కన పోయేనాటికి ముప్పై ఒకటి. ఫొటోల చిన్నపిల్ల లెక్కున్నది, వయసు నిజమేనా అక్కా అని అడిగింది. నిజమే అన్నాను.

జూన్ 19, గురువారం, మధ్యాహ్నం

దీప ఫోన్ చేసింది. గల్ఫ్‌లో వీళ్ళతో కలిసి పనిచేసేవాళ్ళ షెల్టర్‌లో ఒక పిల్ల ఉందట. ఏదో ఇంట్లోంచి తప్పించుకుని వచ్చిందట. పేరు చెప్పదు, అసలు నోరే విప్పదు. తెలుగు మాట వినబడితే మాత్రం తల తిప్పుతుందట. మీ బిడ్డ అయితే కాదక్కా, ఈ పిల్లకు ఇరవై గూడ ఉండవ్ అంది. ఫొటో చూపించమన్నాను. ఆ పిల్ల ఒప్పుకోకుండా చూపించరట, రూల్ అట.

ఏ కాగితం చేతికిచ్చినా సన్నగా మడిచి గోటితో గీస్తదట అక్కా అని, పెట్టేసే ముందు ఊరికే అంది.

సరే అన్నాను. సరే అని ఫోన్ పెట్టేశాను. అన్నం మాడిన వాసన వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.

జూన్ 20, పొద్దున 6

రాసేస్తాను. పోయేనాటికి సంతోషికి పదిహేడు. ముప్పై నిండని ఆడవాళ్ళను ఇంటిపనికి పోనివ్వరని మహిపాల్ చెప్పాడు. వయసు పెంచిన కాగితం మీద సంతకం పెట్టింది నేను. నాకు ముప్పై ఒకటైతే నీకెంత మరి, ముసల్దానా అని సంతోషి నవ్వింది. నేనూ నవ్వాను.

చెబితే నన్ను జైల్లో పెడతారు. బిడ్డ బతికుందని ఆశపెట్టి నా నోటితో నిజం కక్కించాలని చూస్తున్నారేమో. మడతల సంగతి సాలమ్మ దగ్గర విని ఉంటారు.

నిజంగా అది సంతోషే అయితే? కాదని ఇంకెక్కడికో పంపించేస్తే?

జూన్ 21, శనివారం

ఉప్పల్ ఆఫీసుకు పోయి చెప్పేశాను. దీప తిట్టలేదు. నన్ను జైల్లో ఏస్తరా అని అడిగాను. ఏయరని నేను అబద్ధం చెప్పలేనక్కా, పోలీసోళ్ళు నిన్నుగూడ అడుగుతరు, నేనైతే పక్కన కూసుంటా అంది. మహిపాల్ ఒక్కనాడు కూడా కష్టం అనే మాట ఎత్తలేదు. అన్నిటికీ ఫికర్ లేదనేవాడు.

సంచిలోంచి మందు కాగితం తీసి ఎనిమిది మడతలు పెట్టాను, నాకు వచ్చినట్టే. ఇది ఫోన్‌లో ఆ పిల్లకు చూపించు, నా పేరు ఎత్తకు, ఏమంటుందో అదే నాకు చెప్పు అన్నాను. పరీక్ష ఆ పిల్లకో దీపకో నాకే తెలియదు.

జూన్ 23

దండ తీయలేదు. వాడిన పూలు మాత్రం ఏరేశాను.

జూన్ 24, మంగళవారం

కాగితం చూసి ఆ పిల్ల నోరు విప్పిందట.

ఆఖరిది ఉల్టా పెట్టింది, విప్పి మళ్ళ మడ్వమను మా అమ్మను, అన్నదట.