పది నిమిషాలకి ఆరిపోయే కంప్యూటర్

అరకులోయ,
శుక్రవారం.

అక్కకి,

నీ చెల్లెలు సుశీల నమస్కరించి రాసేది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వూ, బావా, అత్తయ్యగారూ అక్కడ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. కాళ్ల వాపులు తగ్గాయా? ఎనిమిదో నెల కదా, ఉప్పు తగ్గించమని డాక్టరమ్మ చెప్పిందని రాశావు. చెప్పిందని రాశావు గానీ తగ్గించానని రాయలేదు. నా గురించి మాత్రం బెంగపడకు. బాగానే ఉన్నాను.

నీ ఉత్తరం అంది రెండు వారాలు దాటింది. పురుటికి అమ్మ ఎలాగూ లేదు, నువ్వైనా రావే అని రాశావు. అమ్మ మంచం ఎవరికైనా ఇచ్చేద్దామా అని బావ అడుగుతున్నాడని కూడా రాశావు. రెండింటికీ జవాబు రాయలేదు. నువ్వే ఫోన్ చేస్తే, కొత్త కంప్యూటర్ పాడైంది, బాగయ్యేదాకా కదలలేనన్నాను. "అమ్మ పోయినా నీకా డబ్బాయే ఎక్కువేటే?" అని పెట్టేశావు. నాకు కోపం రాలేదు. ఈమధ్య నాకు ఏదీ రావడం లేదు. అందుకే ఆ డబ్బా సంగతి మొదట్నుంచీ రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నేను పనిచేసే లాడ్జి యజమాని సత్యంగారు ముందుగదిలో ఇంటర్నెట్ షాపు పెట్టారని నీకు తెలుసు. అక్కడున్న నాలుగు పాత కంప్యూటర్లూ ఉత్తరాలకీ, రైలు టిక్కెట్లకీ సరిపోతాయి. కొండ చూడ్డానికొచ్చే కాలేజీ పిల్లలు ఆటలు అడుగుతున్నారని, ఆటల కోసమే ఒకటి కొత్తది చెయ్యమన్నారు. విశాఖపట్నం నుంచి సామాన్లు తెచ్చి నేనే బిగించాను. అందులో తెరమీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డ్ అని ఒకటుంటుంది. దానికి వేడెక్కకుండా చిన్న ఫ్యాను, బొట్టుబిళ్ల డబ్బా మూతంత.

పూజ చేయకుండా స్విచ్ వేయనన్నారు సత్యంగారు. అమ్మకి ఫోన్లో చెప్తే, క్యాలెండర్ కాగితంలో పొట్లం కట్టి అక్షింతలు పోస్టులో పంపింది. క్యాబినెట్‌ని బల్లమీద పక్కకి పడుకోబెట్టి, మూత తీసి, కొబ్బరికాయ కొట్టి, ఆ అక్షింతలు గుప్పెడూ లోపలికే చల్లాను. బిగించిన మనిషిని నేనే కదా, బయట చల్లాలని తెలియదా? తెలుసు. అమ్మ పంపినవి లోపల పడాలనిపించింది. తర్వాత దులిపి, ఏరి, మూత బిగించాను. అన్నీ ఏరేశాననే అనుకున్నాను.

కార్ల ఆట పెట్టాం. పది నిమిషాలు బాగా ఆడింది. తర్వాత తెరమీద అడ్డగీతలు, తర్వాత నలుపు, తర్వాత దానంతటదే మళ్లీ మొదలు. ఆ శనివారం అమ్మ ఫోన్ చేసి, "ఏటే గుంటా, నీ డబ్బా నెగిసిందా?" అంది. లేవలేదమ్మా అన్నాను. "నా అచ్చింతలు ఊరికే పోవే. బేగి బాగవుద్ది, సూడు" అంది. వెనక నువ్వు ఏదో అరుస్తున్నావు, పాలు పొంగాయని కాబోలు. సరే ఉంటానంది. అదే ఆఖరు. బుధవారం బావ ఫోన్ వచ్చింది.

అక్కడ నేను ఎలా ఉన్నానో నువ్వు చూశావు. నువ్వు గుండెలు బాదుకుంటుంటే నేను గోడకి చేరబడి కూర్చున్నాను. అత్తయ్యగారు వీపుమీద చెయ్యి వేసి "ఏడుసేయమ్మా, బరువు తగ్గుద్ది" అన్నారు. నిజంగానే ప్రయత్నించానక్కా. రాలేదు. పదకొండో రోజు అయ్యాక రైలెక్కినప్పుడు హాయిగా ఉంది. ఇలా రాయకూడదు, తెలుసు.

ఇక్కడికొచ్చాక కూడా అంతే. చలి బాగా ముదిరింది, పొద్దున్న తొమ్మిది దాకా మంచులో ఎదుటి మనిషి కంటికి ఆనడు. చలేస్తోందని ఎవరైనా అంటే అప్పుడు స్వెట్టర్ వేసుకుంటాను. మా గదులు ఊడ్చే సోమి చోడంబలి తెచ్చి పెడుతుంది. ఉప్పు సరిపోయిందా అనడిగితే ఏం చెప్పాలో తెలియక సరిపోయిందంటాను. తింటున్నాను, పడుకుంటున్నాను, నువ్వు కంగారు పడకు.

పగలంతా కంప్యూటర్ దగ్గరే. కార్డ్‌తో వచ్చిన సీడీలోని ప్రోగ్రాం తీసేసి మళ్లీ ఎక్కించాను. మెమరీ మార్చాను. కరెంటు ఎగుడుదిగుడుగా వస్తోందేమోనని స్టెబిలైజర్ పెట్టాను. విశాఖపట్నం నుంచి బస్సులో వేరే పవర్ సప్లై తెప్పించి బిగించాను. ఏం చేసినా పది నిమిషాలే. సత్యంగారు పాపం, "ఈ సలికి బిగుసుకుపోతందేటోనమ్మా, దుప్పటి కప్పుదుమా?" అన్నారు. వద్దనేలోపు కప్పేశారు కూడా. ఆవేళ అయిదు నిమిషాలకే ఆరిపోయింది. అప్పుడే నాకు ఇది వేడి గొడవని అర్థమైంది. మూత తీసి ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెడితే పదిహేను నిమిషాలు నిలబడింది. వేడెక్కే కార్డే అంటగట్టాడని కొట్టువాడిని తిట్టుకున్నాను.

సత్యంగారు మంచివారే, కానీ ఎన్నాళ్లు ఊరుకుంటారు? సీజను వచ్చేస్తోంది, ఆదివారం లోగా కాకపోతే షాపు ఎత్తేసి ఆ గది మళ్లీ అద్దెకి ఇచ్చేస్తానన్నారు. ఎత్తేస్తే నేను ఇంటికి రావాలి. వస్తే వసారాలో అమ్మ మంచం ఉంటుంది. మీరు తీసేస్తే అదుండే చోటు ఖాళీగా ఉంటుంది. నాకు రెండూ వద్దు. నిజం అదీ. కంప్యూటర్ కోసం నేను ఆగిపోలేదక్కా, రాకుండా ఉండడానికి దాన్ని అడ్డం పెట్టుకున్నాను.

నిన్న పొద్దున్న సోమి ఊడుస్తూ బల్లకింద నుంచి ఒక గింజ తీసి అరచేతిలో పెట్టి చూపించింది. "ఏటి గుంటా, నీ మిసను పసుపు బియ్యాలు కంటందా? మొన్న రెండు దొరికితే కోడికేసీసాను. ఇయ్యాల మరోటి" అంది.

నేను క్యాబినెట్‌ని తిప్పినప్పుడల్లా రాలుతున్నాయన్నమాట. రాలినవి సరే, రాలనివి? కార్డ్ బిగించాక దాని ఫ్యాను కిందివైపుకి ఉంటుంది, పైనుంచి కనపడదు. మిగతా ఫ్యాన్లు గోలగా తిరుగుతుంటే ఇదీ తిరుగుతోందనే అనుకున్నాను. ఇన్ని వారాల్లో ఒక్కసారి వంగి చూడలేదు. చిన్నప్పుడు లెక్క తప్పితే అమ్మ "ముందు కళ్లెట్టి సూడే" అనేది గుర్తుందా?

బొట్టు పెట్టుకునే అద్దం తెచ్చి కార్డ్ కింద పెట్టి స్విచ్ వేశాను. ఫ్యాను రెక్క ఒణుకుతోంది, తిరగడం లేదు. కరెంటు తీసేసి, కార్డ్ ఊడదీసి చూస్తే, రెక్కకీ చట్రానికీ మధ్య అడ్డంగా ఒక అక్షింత ఇరుక్కుని ఉంది. జడపిన్నుతో తీశాను. వేలితో తోస్తే ఫ్యాను గిర్రున తిరిగింది.

కార్ల ఆట పెట్టాను. పది నిమిషాలైంది, ఇరవై అయింది. నాకు ఆడడం రాదు కదా, కారుని గోడలకేసి కొడుతూ గంటసేపు ఆడాను. సత్యంగారు వెనకాల నిలబడి "డ్రైవరుగా మాత్రం ఎల్లకమ్మా" అన్నారు. ఆట ఆపి లేచేసరికి ఆకలేసింది. అమ్మ పోయాక నాకు ఆకలేయడం అదే మొదలు. సోమి తెచ్చిన అంబలి రెండు గిన్నెలు తాగాను. ఉప్పు తక్కువైందని చెప్పాను. ఏడుపు మాత్రం ఇంకా రాలేదు.

సోమి చూపించిన గింజ అప్పటికే కోడి తినేసింది. ఇక మిగిలింది ఫ్యాన్లోదే. ఒక కొస కాస్త మాడింది గానీ విరగలేదు, వెలుతురులో పెట్టి రెండుసార్లు చూశాను. పుట్టబోయే నీ బిడ్డ నెత్తిన అమ్మ అక్షింత ఒక్కటైనా పడాలని, ఈ ఉత్తరంలో పెట్టి పంపుదామనే రాయడం మొదలుపెట్టాను. పొట్లం కూడా కట్టాను. ఇప్పుడు చూస్తే కవరు అంచు ఒకచోట సరిగా అతకడం లేదు. దారిలో జారిపోతే మళ్లీ అడగడానికి అమ్మ లేదు.

అందుకని పెట్టడం లేదు. నేనే తెస్తాను. సత్యంగారికి చెప్పేశాను, పురుడయ్యేదాకా రానని. సోమి నీకోసం పసుపుకొమ్ములు ఇచ్చింది, కొండవి, మంచి వాసన. ఇంకేమైనా కావాలంటే బావచేత ఫోన్ చేయించు. నాకోసం ఏమీ వండించకు, బరువులెత్తకు.

బావకి నా నమస్కారాలు చెప్పు. అత్తయ్యగారి కాళ్లకి నా తరఫున దణ్ణం పెట్టు, నువ్వు వంగలేవు కాబట్టి నోటితోనే. పెద్దదానివి, నా మీద కోపం ఉంచుకోకుండా దీవించు.

మంచం ఎవరికీ ఇవ్వొద్దని బావతో చెప్పు. వచ్చాక నేను దానిమీదే పడుకుంటాను.

ఇట్లు,
నీ చెల్లెలు
సుశీల