మా లుబ్నాకు జబ్బుందని తేలింది

తమ్ముడూ అల్లాల్, మా లుబ్నాకు నిజంగానే జబ్బుందట, అల్హమ్దులిల్లా.

ఆ వైరస్ జ్వరం తగ్గి చలికాలం గడిచిపోయినా పిల్లకు గుండెల్లో నొప్పీ, ఆయాసమూ పోలేదు. పచ్చి రొట్టెల పలక నెత్తిన పెట్టుకుని కాల్పించుకు రావడానికి పేటలోని బట్టీకి బయలుదేరితే, సగం దారిలో ఎవరి గడప మీదో కూలబడేది. పని ఎగ్గొట్టే నాటకమని మనవాళ్లంతా అన్నారు. అప్పటినుంచి ఆ పలక నేనే మోస్తున్నాను.

"గడ్డం నెరిశాక ఇదేం పని, హాజీ గారూ?" అని ఆడవాళ్లు నవ్వారు.

"గడ్డంతో మోయట్లేదమ్మా, తలతో మోస్తున్నా" అన్నాను.

నిన్న కొత్త డాక్టరమ్మ యంత్రం పెట్టి చూసింది. ఆ వైరస్ వల్ల గుండె చుట్టూ ఉండే పొర వాచిందట. "మందులతో తగ్గిపోతుంది బాబాయ్. మీ అమ్మాయి అబద్ధమాడలేదు" అంది. లుబ్నా అక్కడే ఏడ్చేసింది. నేను లేచి, పెద్దలకు చేసినట్టు, గౌరవంగా ఆ డాక్టరమ్మ తల ముద్దాడాను.

ఇక నువ్వు మన ఊరు మెక్నెస్‌లో ఇంటింటికీ వెళ్లి చెప్పాలి. నాటకమన్న అక్క తూరియాకు చెప్పు. పెళ్లి చేస్తే ఆయాసం అదే పోతుందన్న బావ ఇద్రీస్‌కు చెప్పు. జిన్ను పట్టిందన్న వదినకు చెప్పు. సోమరిపిల్ల అన్న పిన్ని రహ్మాకు మాత్రం చెవుడు కదా, వీధిలో నిలబడి అందరికీ వినపడేలా అరిచి చెప్పు.