విచ్చుకోని రెక్క

మంగళవారం, భవాని పేట్

సెలవు మీద ఇంటికొచ్చి రెండు రోజులే అయింది. పొద్దున ఆఫీసు నుంచి సార్ ఫోన్ చేశారు. విమానం నుంచి వదిలిన మా ప్రయోగ రాకెట్లలో ఒకదానికి తోక రెక్క విచ్చుకోలేదట. ప్రయోగ స్థలం హద్దు దాటి పక్క చేలో పడిందట. గడ్డి కోస్తున్న ఒకామెకు కాలు పోయింది. ఆ రెక్క విచ్చుకునే బందును, అంటే కీలును, డిజైన్ చేసింది నేనే.

ఫోన్ పెట్టేసి అమ్మ చేసిన జొన్నరొట్టె తిన్నాను. రుచి తెలియలేదు. ఏడుపూ రాలేదు.

నాయిన మగ్గం ఆపి వచ్చాడు. "ఏంది బిడ్డా, మొఖం గట్ల పెట్టినవ్?"

"రాకెట్ దారి తప్పింది నాయినా."

"వదిలినంక మలపరాదా?"

"రాదు. ఈ రకం రాకెట్‌ను మలిపేటందుకు అండ్ల ఏముండదు."

"మనుషులకేం కాలేదు గదా?"

"కాలేదు," అన్నాను.

"బరం ఝాలం," మంచిదైంది అని మరాఠీలో అంటూ మళ్లీ మగ్గం దగ్గరికి పోయాడు.

సాయంత్రం సార్ మళ్లీ చేశారు. గాలి వల్లే జరిగిందని రిపోర్టు రాయమన్నారు. కాలు పోయినామె పేరేమిటని అడిగాను. "అది మనకెందుకమ్మా?" అన్నారు.

ఇప్పుడే రిపోర్టు పూర్తి చేశాను. కారణం అన్నచోట, రెక్క బందు పట్టేసిందని రాసి కింద సంతకం పెట్టాను. నాయినకు మాత్రం ఎలా చెప్పాలో...